మేస్త్రీని పెట్టుకుని సొంతంగా ఇల్లు కట్టించుకుంటే ఏమేం ఎదురవుతాయి? (పర్లాకిమిడి, 1000 చదరపు అడుగులు)

కొత్తిల్లు_పర్లాకిమిడి
అందరికీ నమస్కారం. టౌనుకి ఆనుకుని ఒకటిన్నర గుంఠ జాగా ఉంది. 25 × 40 అడుగుల ఇల్లు, ప్రస్తుతానికి కింద మాత్రమే, తర్వాత పైన వేసుకునేలా పిల్లర్లు. సరుకుతో సహా కాంట్రాక్టు ఇవ్వకుండా కూలికి మాత్రం మేస్త్రీని మాట్లాడుకుని, సిమెంటు, ఊచలు, ఇసుక మనమే తెచ్చుకోవాలని ఆలోచన. కాగితాల దగ్గర్నుంచి స్లాబు దాకా ఎక్కడెక్కడ చిక్కులొస్తాయో తెలిసినవాళ్లు చెప్పండి. వివరంగా రాసినా ఓపిగ్గా చదువుతాను.

బరంపురం_సివిల్
ముందు కాగితాలు. భూలేఖ్‌లో (ఒడిశా భూమి రికార్డుల వెబ్‌సైటు) మీ ఖాతా నంబరు, ప్లాటు నంబరు కొట్టి పట్టా తీసి, కిసం (భూమి రకం) అన్న గడిలో ఏముందో చూడండి. ఘరబారి (ఇళ్ల స్థలం) అని ఉంటే సరే. వ్యవసాయ భూమి అని ఉంటే ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ కింద తహసీల్దారు దగ్గర కిసం మార్పించుకోవాలి. అది కాకుండా ప్లాను పాసవదు, బ్యాంకు లోను కదలదు. పట్టా అమ్మినవాళ్ల పేరు మీదే ఉండిపోయిందేమో చూడండి. రిజిస్ట్రీ అయినంత మాత్రాన పేరు మారదు, మ్యుటేషన్ వేరే పని.

చౌహద్ది (సరిహద్దు) నాలుగు వైపులా కాగితంలో ఉన్నట్టు నేల మీద ఉందా లేదా అమీను (సర్వేయరు) చేత కొలిపించి రాళ్లు పాతించండి. పునాది తవ్వాక పక్కవాళ్లతో తగువు వస్తే పని ఆగుతుంది, కూలీలు వేరే సైటుకి వెళ్లిపోతారు. మళ్లీ పిలిచినా రారు.

ఇంకోటి. గజపతిలో ఆర్.ఉదయగిరి వైపు, గుమ్మ, రాయగడ బ్లాకులు, అలాగే రాయగడ, కోరాపుట్ జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డు ప్రాంతం. అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనడం 1956 రెగ్యులేషన్ ప్రకారం చెల్లదు. తెల్లకాగితం మీద రాయించుకుని ఇల్లు కట్టినవాళ్లకి ఆ ఇల్లు ఎప్పటికీ నిలకడ కాదు. టౌనులో మీకు ఈ బాధ లేదు, కానీ ఈ చర్చ చదివే మిగతావాళ్ల కోసం రాశాను.

జయపురం_గృహస్థు
గుంఠ దగ్గర జాగ్రత్త అండి. ఒడిశా గుంఠ అంటే ఎకరంలో 25వ వంతు, 4 డెసిమల్లు, 1742 చదరపు అడుగులు. ఆంధ్రా, తెలంగాణ గుంట అంటే ఎకరంలో 40వ వంతు, 1089 చదరపు అడుగులే. అటువైపు చుట్టాలు లెక్కలు చెప్పేటప్పుడు, ఇటు బ్రోకర్లు లెక్కలు చెప్పేటప్పుడు ఈ రెండూ కలిసిపోతాయి. డెసిమల్, సెంటు మాత్రం ఒకటే: 435.6 చదరపు అడుగులు. కాబట్టి బేరం ఎప్పుడూ డెసిమల్లలో ఆడండి. మీ ఒకటిన్నర గుంఠ 6 డెసిమల్లు, అంటే 2613 చదరపు అడుగులు, 290 గజాలు రావాలి. కొలిస్తే తక్కువొస్తే ఇప్పుడే తేల్చుకోండి.

రాయగడ_తాపీ
ఎప్పుడు మొదలెట్టాలన్నది ఎవరూ రాయలేదు. మన వైపు జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన, ఆ తర్వాత అక్టోబరు, నవంబరుల్లో తుఫాను భయం. దీపావళి దాటాక కూలి మాటలు పూర్తి చేసుకుని, డిసెంబరులో గోతులు తవ్వితే మార్చి, ఏప్రిల్ నాటికి స్లాబు వేసేయొచ్చు. మే ఎండలో స్లాబు వేస్తే నీళ్లు చాలక పగుళ్లొస్తాయి. వేయక తప్పదంటే సాయంత్రం పోత మొదలెట్టండి. వానల్లో ఏటి ఇసుక దొరకదు, దొరికినా మట్టి కలిసి వస్తుంది, ధర కూడా అమాంతం పెరుగుతుంది. అందుకని గోడలకీ పూతకీ కావలసిన ఇసుక మే నెలలోపే సైటులో పడేసుకుని టార్పాలిన్ కప్పేయండి.

వరి కోతల రోజులు, సంక్రాంతి వారం కూలీలు ఉండరు. అది లెక్కలో వేసుకోండి.

బరంపురం_సివిల్
ఇప్పుడు నేల. మూలమట్టం పట్టుకుని మేస్త్రీ ముగ్గు వేశాక మీరే టేపుతో కర్ణాలు కొలవండి. 25 × 40కి ఏ మూల నుంచి ఆ మూలకి కొలిచినా 47 అడుగుల 2 అంగుళాలు రావాలి. రెండు కర్ణాలూ సమానం కాకపోతే ఇల్లు కోసుగా ఉన్నట్టే. ముగ్గు దగ్గర ఇది సరిచేయడం అరగంట పని, టైల్స్ వేసేటప్పుడు తెలిస్తే చేసేదేమీ ఉండదు.

గొయ్యి లోతు ఇంత అని ముందే చెప్పేవాళ్లని నమ్మొద్దు. గట్టి నేల తగిలేదాకా తవ్వాలి. పాత చెరువు గర్భం, గెడ్డ (వాగు) పక్క, మట్టి పోసి ఎత్తు చేసిన లేఔటు అయితే మట్టి పరీక్ష చేయించండి. దాని ఖర్చు ఇంటి ఖర్చులో లెక్కలోకి రాదు. పైన ఇంకో అంతస్తు వేస్తామంటున్నారు కాబట్టి ఫుటింగు (పిల్లరు అడుగు దిమ్మ) సైజు, పిల్లరు ఊచలు ఇంజనీరు డ్రాయింగులో రెండంతస్తులకి లెక్క కట్టించుకోండి. "పక్క వీధిలో ఇలాగే వేశాను" అన్న మాట మీద పునాది వేయకండి.

గొయ్యి అడుగున మట్టి మీద నేరుగా ఊచల జాలీ పెట్టకూడదు. ముందు 4 అంగుళాల పలచ కాంక్రీటు, 1:4:8 (సిమెంటు, ఇసుక, కంకర) చాలు. దాని మీద 50 ఎంఎం కవర్ బ్లాకులు (ఊచకీ కాంక్రీటు బయటి అంచుకీ మధ్య ఎడం నిలిపే దిమ్మలు), ఆపైన జాలీ. కవర్ లెక్క గుర్తుంచుకోండి: ఫుటింగుకి 50, పిల్లరుకి 40, బీముకి 25, స్లాబుకి 20 ఎంఎం. ఈ బ్లాకుల బదులు ఇటుక ముక్కలు, కంకర రాళ్లు పెడతారు. అవి నీరు పీల్చి ఊచకి తుప్పు పట్టిస్తాయి. సిమెంటు కవర్ బ్లాకులు కొట్లో దొరుకుతాయి, ఇల్లు మొత్తానికి కొన్నా పెద్ద ఖర్చు కాదు.

ధర్మాబాద్_తెలుగు
మా నాందేడ్ జిల్లా వైపు నల్లరేగడి ఎక్కువ కాబట్టి ఇంకో మాట కలుపుతున్నా. వానకి ఉబ్బి ఎండకి చీలే ఆ నేల మీద మామూలు రాతి పునాది వేస్తే రెండు మూడేళ్లకే కిటికీ మూలల నుంచి ఏటవాలు పగుళ్లు మొదలవుతాయి. రేగడి పొర దాటి కింద మొరం తగిలేదాకా తవ్వాలి. అది చాలా లోతుంటే అండర్‌రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బుగా ఉండే లోతైన కాంక్రీటు స్తంభాలు) వేస్తారు. తవ్విన రేగడిని మళ్లీ లోపల నింపుడికి వాడకూడదు, బయటి నుంచి మొరం తోలించాలి. ఇంటి చుట్టూ మూడు నాలుగు అడుగుల వెడల్పు చప్టా వేసి వాన నీరు పునాది పక్కన ఇంకకుండా చేయాలి. మాకు ఇసుక బ్రాసుల్లో అమ్ముతారు, ఒక బ్రాసు 100 ఘనపుటడుగులు. మీకు ట్రాక్టరు లెక్క అనుకుంటా.

రాయగడ_తాపీ
ట్రాక్టరు లెక్కే అన్నా. ట్రాలీ 100 అడుగులంటారు. పొడవు, వెడల్పు, ఇసుక ఎత్తు కొలిస్తే 80 కూడా ఉండని బళ్లు ఉన్నాయి. దించకముందే కొలవాలి. తడి ఇసుక ఉబ్బి ఉంటుంది, కొలతలో పాతిక శాతం దాకా తేడా వస్తుంది. అందుకే తడి ఇసుక తెచ్చిన రోజు ఫర్మాతో (కొలత పెట్టెతో) కొలిచి కలిపితే మాలులో ఇసుక తక్కువ పడుతుంది, అది కూడా చూసుకోవాలి.

మట్టి ఉందా లేదా తెలియడానికి గాజు సీసాలో సగం ఇసుక, పైన నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి గిలకొట్టి మూడు గంటలు వదిలేయండి. ఇసుక మీద తేరిన బురద పొర ఇసుక ఎత్తులో 8 శాతం దాటితే బండి వెనక్కి పంపండి. గోపాలపురం, సోన్‌పూర్ వైపు వాళ్లు సముద్రపు ఇసుక చవగ్గా వస్తుందని కాంక్రీటులో వేయకండి. ఆ ఉప్పు ఊచల్ని లోపల్లోపలే తినేస్తుంది.

నింపుడు గురించి: మీ ఇంటికి రోడ్డు కంటే రెండున్నర అడుగులైనా ఎత్తు ఉండాలి, ఎందుకంటే రోడ్డు వేసినప్పుడల్లా పెరుగుతూనే ఉంటుంది. 1000 అడుగుల జాగాకి రెండున్నర అడుగుల ఎత్తంటే 2500 ఘనపుటడుగులు, అణిగేది కలుపుకుంటే 30 ట్రాక్టర్ల మట్టి. ఒకేసారి పోసేసి పైన నీళ్లు వదిలితే సరిపోదు. అర అడుగు పొర, నీళ్లు, దిమ్మిస, మళ్లీ అర అడుగు. గచ్చు కుంగిపోయిన ఇళ్లలో చాలావాటికి కారణం ఇదే.

చెదల మందు కూడా ఇక్కడే కొట్టాలి, గచ్చు వేశాక ప్రయోజనం తక్కువ. క్లోర్‌పైరిఫాస్ 20 ఈసీ ఒక లీటరుకి 19 లీటర్ల నీళ్లు. ఆ నీరు చదరపు మీటరుకి 5 లీటర్ల చొప్పున నింపుడు మట్టి మీద పారించాలి. చేతికి గ్లవ్స్, మూతికి గుడ్డ ఉండాలి, పక్కన నూతి ఉంటే దాని దగ్గర కొట్టకూడదు.

కొత్తిల్లు_పర్లాకిమిడి
చాలా కొత్త విషయాలు తెలిశాయి. ఇటుక ఏది మంచిది? ఫ్లై యాష్ అంటున్నారు కొందరు, ఎర్ర ఇటుకే వాడమని మా మేస్త్రీ అంటున్నాడు.

జయపురం_గృహస్థు
ఫ్లై యాష్. సైజు ఒకేలా ఉంటుంది, గోడ తిన్నగా వస్తుంది, పూత పలచగా సరిపోతుంది.

రాయగడ_తాపీ
అందరూ అలాగే అంటారు గానీ మన దగ్గర దొరికే ఫ్లై యాష్ ఇటుకల్లో సగం పచ్చివే. నీళ్లు సరిగ్గా కొట్టకుండా, వారం తిరక్కుండానే బండెక్కించేస్తారు. అవి గోడలో పెట్టాక కుంచించుకుని పూత మీద సాలెగూడు పగుళ్లు వస్తాయి. గోరుతో గీస్తే పొడి రాలేది, అంచులు చేత్తో విరిగేది తీసుకోకండి. నాలుగడుగుల ఎత్తు నుంచి నేల మీద పడేస్తే ముక్కలవకూడదు. ఎర్ర ఇటుకైతే రెండు ఇటుకలు కొట్టి చూడండి, కణేల్‌మని మోగాలి. వాడే ముందు నానబెట్టాలి. ఫ్లై యాష్‌ని నానబెట్టక్కర్లేదు, నీళ్లు చిలకరిస్తే చాలు.

బరంపురం_సివిల్
తాపీ అన్నగారి మాటే నాది కూడా. పిల్లర్ల ఇంట్లో బరువు మోసేది పిల్లర్లూ బీములే కాబట్టి రెండిట్లో ఏదైనా నడుస్తుంది, బట్టీ చూసి కొనండి. అసలు పగుళ్లొచ్చే చోటు ఇటుక గోడ, కాంక్రీటు పిల్లరు కలిసే జాయింటు. పూతకి ముందు అక్కడ ఒక అడుగు వెడల్పు కోడి జాలీ మేకులతో కొట్టించండి. కరెంటు పైపులకి గాడి తీసిన చోట్ల కూడా అంతే. గోడని ఒక రోజులో నాలుగైదు అడుగులకి మించి లేపనివ్వకండి. పైన బీము అడుగున ఆఖరి వరస వెంటనే బిగించకుండా కొన్ని రోజులు ఆగి పెట్టాలి.

లోపలి పూత 12 ఎంఎం, 1:6. బయటి పూత రెండు కోట్లుగా 20 ఎంఎం, 1:4. స్లాబు అడుగున 6 ఎంఎం. అంతకు మించి మందం పెట్టాల్సి వస్తోందంటే గోడ వంకర అని అర్థం.

రాయగడ_తాపీ
స్లాబు సంగతికొద్దాం. మొత్తం ఇంట్లో ఒకే ఒక్క రోజు సెలవు పెట్టి నిలబడాలంటే ఆ రోజే.

5 అంగుళాల మందం, 1000 చదరపు అడుగులు అంటే 417 ఘనపుటడుగుల కాంక్రీటు, 11.8 ఘనపు మీటర్లు. ఎం20 (కాంక్రీటు బలం గ్రేడు) కి 1:1½:3 పాళ్లలో ఘనపు మీటరుకి 8 బస్తాల చొప్పున 95 బస్తాలు, ఇసుక 175 అడుగులు, 20 ఎంఎం పిక్క (కంకర) 350 అడుగులు. బీముల కిందిభాగం కలిపితే 120 బస్తాలు దాటుతుంది. పది బస్తాలు ఎక్కువే ఉంచుకోండి, మధ్యలో ఆగితే ఆ అతుకు దగ్గర జీవితాంతం నీరు కారుతుంది.

బొచ్చెలతో కొలిచే అలవాటు మాన్పించండి. ఒక బొచ్చె నిండుగా, ఒకటి వెలితిగా పడుతుంది. 35 లీటర్ల ఫర్మా చేయించండి, లోపలి కొలత 40 × 35 × 25 సెంటీమీటర్లు. ఒక బస్తాకి ఫర్మాతో ఒకటిన్నర ఇసుక, మూడు పిక్క. నీళ్లు బస్తాకి 25 నుంచి 28 లీటర్లు, 30 దాటనివ్వకూడదు. ఇసుక తడిగా ఉంటే ఇంకా తక్కువ. మిల్లరు (కాంక్రీటు కలిపే మిషను) దగ్గర పైపు పట్టుకున్న కుర్రాడు తోచినంత నీళ్లు వదులుతాడు, ఎందుకంటే జారుడుగా ఉంటే మోసేవాళ్లకీ పరిచేవాళ్లకీ సుఖం. స్లాబు బలం పోయేది అక్కడే. నీళ్లు గుర్తు పెట్టిన బకెట్టుతో పోయించండి. వైబ్రేటరు రెండు ఉంచండి, ఒకటి చెడుతుంది.

పోతకి ముందు రోజు సాయంత్రం మీరు పైకెక్కి చూడాల్సినవి: కవర్ బ్లాకులు అన్ని చోట్లా ఉన్నాయా, పై ఊచల కింద కుర్చీలు (వాటిని ఎత్తి పట్టే వంచిన ఊచ ముక్కలు) ఉన్నాయా, సెంట్రింగు రేకుల సందులు టేపుతో మూశారా, ఫ్యాను డబ్బాలు, కరెంటు పైపులు బిగించారా, పైకి నీళ్ల పైపు పోయే చోట స్లీవు పెట్టారా. కింద సరుగుడు బాదులు మట్టి మీద నేరుగా నిలబెట్టారేమో చూడండి, పలక వేయాలి. రాత్రి వాన పడితే మట్టి మెత్తబడి బాదు దిగిపోతుంది.

సన్‌షేడు, బాల్కనీ లాంటి వేలాడే భాగాల్లో మెయిన్ ఊచ పైన ఉండాలి, అడుగున కాదు. కూలీలు తొక్కి కిందికి దించేస్తారు. సెంట్రింగు విప్పిన రోజే బాల్కనీ కూలడానికి కారణం చాలాసార్లు ఇదే.

గుణుపురం_కరెంటు
ఎం20నా? తీరానికి దగ్గరగా ఉన్నవాళ్లకి ఎం25 కదా?

బరంపురం_సివిల్
అవును. ఐఎస్ 456 (కాంక్రీటు పనికి భారత ప్రమాణం, కోడ్) ప్రకారం ఎం20 అన్నది మామూలు వాతావరణానికి ఆర్‌సీసీలో కనీసం. తీర ప్రాంతంలో ఉప్పు గాలి నేరుగా తగలకుండా చాటున్న చోటు ఎం25, నేరుగా తగిలే చోటు ఎం30. పర్లాకిమిడి లోపలికి ఉంది, ఎం20 నడుస్తుంది. కానీ మేస్త్రీ కలిపే మాలులో నీళ్లు ఎక్కువ పడడం మామూలే కాబట్టి ఎం25 డిజైను చేయించుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఊచ అతుకు పొడవు కూడా తగ్గుతుంది: ఫే500 (ఊచ బలం గ్రేడు) ఊచకి బీములో ఎం20 అయితే మందానికి 57 రెట్లు, ఎం25 అయితే 49 రెట్లు. 12 ఎంఎం ఊచకి 27 అంగుళాలు, 23 అంగుళాలు. అతుకులన్నీ ఒకే చోట పడకుండా చూడండి.

పిల్లర్లు, బీముల్లో ఊచల చుట్టూ కట్టే రింగుల కొసలు 135 డిగ్రీలు లోపలికి వంచాలి. 90 డిగ్రీలకి వంచి వదిలేస్తే బరువు పడినప్పుడు తెరుచుకుంటాయి.

జయపురం_గృహస్థు
ఊచలు కొనేటప్పుడు లెక్క: మందం ఎంఎంలలో వర్గం చేసి 162తో భాగిస్తే మీటరుకి కిలోలు. 12 మీటర్ల ఊచ ఒక్కొక్కటి 8 ఎంఎం 4.74 కిలోలు, 10 ఎంఎం 7.4, 12 ఎంఎం 10.66, 16 ఎంఎం 18.96. 12, 16 ఎంఎంలలో 5 శాతం, 10 లోపు వాటిలో 7 శాతం తేడా దాకా ప్రమాణమే ఒప్పుకుంటుంది. అంతకు మించి తేలికైతే అది లోకల్ రోలింగు సరుకు. కట్టల లెక్కన కాకుండా వే బ్రిడ్జి తూకం మీద కొనండి, ఊచలు కూడా లెక్కపెట్టండి. ఒకటి తప్పితే రెండోది పట్టిస్తుంది.

మొత్తం ఇంటికి చదరపు అడుగుకి మూడున్నర, నాలుగు కిలోల ఊచ, 0.4 బస్తా సిమెంటు అని అంచనా వేసుకోవచ్చు. డబ్బు సర్దుకోవడానికి ఇది సరిపోతుంది, కొనడానికి మాత్రం డ్రాయింగు లెక్కే. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 బదులు 18 శాతం, బిల్లులో చూసుకోండి. బస్తా మీద తయారీ వారం ఉంటుంది, మూడు నెలలు దాటినది వద్దు. నేలకి పలకలు వేసి, గోడకి అడుగు దూరంలో, పది బస్తాల ఎత్తుకి మించకుండా పేర్చండి.

రాయగడ_తాపీ
కూలి మాటల గురించి మేస్త్రీ వైపు నుంచి చెబుతాను, ఎందుకంటే తగువులు ఇక్కడే. "చదరపు అడుగుకి ఇంత" అంటే ఏ అడుగు? స్లాబు కొలతా, పునాది కొలతా? సన్‌షేడు లెక్కలో ఉందా? మెట్లు, పిట్టగోడ, సంపు, సెప్టిక్ ట్యాంకు, కాంపౌండు గోడ, ఇవన్నీ అందులోనా, విడిగానా? సెంట్రింగు సామాను ఎవరిది, మిల్లరు అద్దె, డీజిలు ఎవరివి, నీళ్లు కొట్టే మనిషి ఎవరు? ఇవి రాసుకోకపోతే లింటెల్ దాకా వచ్చాక పేచీ మొదలవుతుంది, అప్పుడు ఇద్దరిలో ఎవరూ వెనక్కి తగ్గలేరు. ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి.

డబ్బు పని కంటే ముందు పరిగెత్తకూడదు. అలాగని వారం కూలి ఆపినా మనుషులు నిలవరు. పునాది, ప్లింత్ బీము, లింటెల్, స్లాబు, పూత, గచ్చు అని మెట్లు వేసుకుని, ప్రతి మెట్టులో కొంత ఆఖర్న ఇచ్చేలా ఉంచండి.

బరంపురం_సివిల్
తుఫాను మాట రాలేదు. 2013లో ఫైలిన్ గోపాలపురం దగ్గర, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. రెండూ అక్టోబరులోనే. తిత్లీ వానకి గజపతిలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు కాబట్టి కొండ వాలు కింద, గెడ్డ దారిలో జాగా ఎంత చవకైనా వద్దు.

ఇంట్లో చేసుకోవలసినవి: పిట్టగోడ ఉత్త ఇటుకతో లేపేస్తే గాలికి పడుతుంది, పిల్లర్లని పిట్టగోడ ఎత్తుదాకా లేపి మధ్యలో బిగించండి. డాబా మీద రేకుల షెడ్డు వేస్తే జె-బోల్టులు అంచుల దగ్గర ఒత్తుగా పెట్టాలి, ముందు ఎగిరేది అంచు రేకే. తుఫాను కబురు వస్తే డాబా మీది ప్లాస్టిక్ ట్యాంకు నిండా నింపి ఉంచండి, ఖాళీది ఎగిరిపోతుంది. పై అంతస్తు కోసం వదిలిన ఊచలకి పలచ కాంక్రీటు తొడుగు వేయించండి. ఊరికే వదిలేస్తే నాలుగు వానలకి తుప్పు తిని, మీరు పైన కట్టే నాటికి పనికిరావు.

గుణుపురం_కరెంటు
నా వంతు క్లుప్తంగా. లైట్లకి 1.5 చదరపు ఎంఎం వైరు, 16 ఆంప్స్ ప్లగ్గులకి 2.5, ఏసీ, గీజరు ఒక్కోదానికి విడిగా 4. మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్చు) పెట్టండి, ఎర్తింగు గొయ్యి ఉత్తుత్తిది కాకుండా చూడండి. ఎర్తు లేకపోయినా ఆర్‌సీసీబీ ఉంది కదా అని వదిలేస్తారు, అది తప్పు. స్లాబు పైపులు పోతకి ముందు వేయాలి కాబట్టి ఏ గదిలో మంచం ఎటో, ఫ్రిజ్ ఎక్కడో అప్పటికే తేల్చుకోవాలి. గోడలు లేచాక మనసు మార్చుకుంటే గాడులు తీయాల్సిందే. పని మొదలయ్యే ముందే టీపీఎస్ఓడీఎల్‌కి (ఇక్కడి కరెంటు కంపెనీ) తాత్కాలిక కనెక్షన్‌కి అర్జీ పెట్టండి, మోటారు లేకపోతే నీళ్లు కొట్టడం ఉండదు.

ధర్మాబాద్_తెలుగు
సెప్టిక్ ట్యాంకు 10 మందికి లెక్క వేసుకోండి: లోపల 2 మీటర్ల పొడవు, 0.9 వెడల్పు, నీటి లోతు 1 మీటరు, పైన అడుగు ఖాళీ. నీరు వచ్చే పైపు కంటే పోయే పైపు 5 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. ఇంకుడు గొయ్యి మీ నూతికి గానీ పక్కవాళ్ల బోరుకి గానీ 18 మీటర్ల లోపు ఉండకూడదు. చిన్న ప్లాట్లలో అందరూ తప్పేది ఇదే, ఇంటి ప్లాను గీసేటప్పుడే పక్కవాళ్ల బోరు ఎక్కడుందో గుర్తు పెట్టుకోండి. 4 అంగుళాల పైపుకి పదడుగులకి 3 అంగుళాల వాలు ఉంచండి.

కొత్తిల్లు_పర్లాకిమిడి
అందరికీ ధన్యవాదాలు. ఆఖరి ప్రశ్న. స్లాబు వేశాక సెంట్రింగు ఎన్ని రోజులకి విప్పాలి? మేస్త్రీ వారం అంటున్నాడు, అద్దె పెరుగుతుందట.

బరంపురం_సివిల్
వారం అన్నది ఓపీసీ (మామూలు పోర్ట్‌ల్యాండ్) సిమెంటు, నాలుగున్నర మీటర్ల లోపు స్లాబులకి కోడ్ ఒప్పుకునే కనీసం. బీముల కింద బాదులు 6 మీటర్ల లోపు 14 రోజులు, ఆపైన 21. మనకి దొరికేది ఎక్కువగా స్లాగు సిమెంటు, పీపీసీ (బూడిద కలిపిన సిమెంటు), ఇవి మొదట్లో నెమ్మదిగా గట్టిపడతాయి. స్లాబుకి 14, బీములకి 21 అని మేస్త్రీతో మాట్లాడుకునే రోజే రాసుకోండి, అద్దె కూడా ఆ లెక్కనే ఒప్పుకోండి. విప్పేటప్పుడు గది మధ్య నుంచి అంచులకి, బాల్కనీ అయితే బయటి కొస నుంచి లోపలికి.

నీళ్లు మాత్రం పోసిన మర్నాటి నుంచే. డాబా మీద మట్టికట్టలు కట్టి రెండు అంగుళాల నీరు నిలబెట్టండి. ఈ సిమెంట్లకి 10 రోజులు కనీసం, ఎండాకాలం 14. పిల్లర్లకి గోనెసంచులు చుట్టి తడపాలి, నిలువుగా ఉంటాయని అందరూ వదిలేసేది వాటినే.

రాయగడ_తాపీ
గోనెసంచులు ఇప్పట్నుంచే పోగేసుకోండి, సీజన్లో అవి కూడా దొరకవు.